నాటు రకం తీగ బీన్స్: విత్తడం నుంచి విత్తనం దాచడం దాకా

నాటు రకం తీగ బీన్స్ వేస్తే ఒకే పందిరి మీద రెండు పంటలు తీయాలి. ఒకటి వంటకు కోసుకునే లేత కాయ, రెండోది వచ్చే ఏటి విత్తనం. కాయ మీద ఉన్నంత శ్రద్ధ విత్తనం మీద చాలామందికి ఉండదు. సీజను చివర తీగ మీద మిగిలిపోయిన ఎండు కాయలు నాలుగు ఒలిచి డబ్బాలో పోసేస్తారు. అవి అన్నిటికంటే ఆలస్యంగా కాసినవి, తెగుళ్లు ముదిరాక పండినవి. వైరస్సూ కాయమచ్చా ఆ గింజల్లోనే మరుసటి ఏటికి దాటిపోతాయి. మూడు నాలుగేళ్లు ఇలా గడిస్తే రకంలో పస పోయిందని దాన్నే వదిలేస్తారు. అందుకే విత్తేముందే ఏ మొక్కలు కోతకు, ఏవి విత్తనానికి అన్నది తేల్చుకోవాలి. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

ముందు ఏ జాతో తెలుసుకోండి

తీగ చిక్కుడు అన్న ఒక్క పేరు కింద వేర్వేరు జాతులు చేతులు మారుతుంటాయి. వాటి అవసరాలు ఒకటి కావు. ఎవరైనా గింజలు ఇచ్చినప్పుడు మొదట అడగాల్సింది ఇదే.

తీగ బీన్స్ అంటే ఫేసియోలస్ వల్గారిస్. కెంటకీ వండర్, బ్లూ లేక్, రాటిల్‌స్నేక్, చెరోకీ ట్రయిల్ ఆఫ్ టియర్స్ లాంటి పాత రకాలన్నీ దీనివే. దీనికి పగటి వేడి 18 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే హాయి. పూత సమయంలో పగలు 32 దాటి, రాత్రులు కూడా చల్లబడకపోతే పూలు వచ్చినవి వచ్చినట్టే రాలిపోతాయి. తీగ మాత్రం పచ్చగానే ఉంటుంది కాబట్టి ఎరువు లోపం అనుకుని ఇంకా ఎరువు వేస్తారు. అది ఇంకా చేటు.

పందిరి చిక్కుడు, అంటే లాబ్‌లాబ్, వేడిని బాగా తట్టుకుంటుంది. కానీ దీని పాత రకాల్లో చాలావాటికి పగటి నిడివి తగ్గితేనే పూత. పగళ్లు పొడవుగా ఉన్నప్పుడు విత్తితే నెలల తరబడి ఆకే పెరుగుతుంది. పగలు తగ్గడం మొదలవడానికి రెండు మూడు నెలల ముందు విత్తినా, మరీ ముందు విత్తినా పూత ఇంచుమించు ఒకే సమయానికి వస్తుంది. తేడా అల్లా పందిరి మోయాల్సిన బరువులోనే. రాత్రంతా వెలిగే దీపం పక్కన వేస్తే పూత ఇంకా వెనకబడుతుంది.

పొడుగు బొబ్బర కూడా వేడి పంటే. బీన్స్ వేడికి చేతులెత్తేసే చోట ఇదే దిక్కు. నాలుగోది రన్నర్ బీన్. దీనికి చల్లదనం కావాలి, పూత కాయగా మారడానికి తేనెటీగలు కావాలి. రన్నర్ బీన్‌ను మొలకలోనే గుర్తుపట్టొచ్చు. మామూలు బీన్స్ మొలక రెండు బద్దల్నీ నేల పైకి మోసుకొస్తుంది. రన్నర్ బీన్ బద్దలు నేలలోనే ఉండిపోతాయి, ఆకులే పైకి వస్తాయి.

ఇకపై చెప్పేది ప్రధానంగా తీగ బీన్స్ గురించి. మిగిలినవాటికి తేడా ఉన్నచోట విడిగా చెబుతాం.

ఎప్పుడు విత్తాలి

విత్తిన 40 నుంచి 50 రోజులకు పూత, 60 నుంచి 75 రోజులకు మొదటి కోత, 100 నుంచి 120 రోజులకు ఎండు గింజ. ఈ మూడు అంకెలతో వెనక్కి లెక్కేయండి. పూత మంచి వాతావరణంలో పడాలి, గింజ ఎండే రోజులు వాన లేనివై ఉండాలి. రెండూ కుదరకపోతే రెండోదానికే మొగ్గండి. వానలో నానిన కాయలోని గింజ రంగు మారుతుంది, బూజు పడుతుంది, కొన్నిసార్లు కాయలోనే మొలకెత్తుతుంది. కూరగాయ కోత కాస్త తగ్గినా పరవాలేదు, విత్తనం పోతే ఆ రకమే పోతుంది.

నేల వేడి కనీసం 16 డిగ్రీలు ఉండాలి. అంతకంటే చల్లటి తడి నేలలో గింజ మొలవకముందే కుళ్లుతుంది.

గింజల ఎంపిక

బీన్స్ పువ్వు తనను తానే పరాగ సంపర్కం చేసుకుంటుంది. ఒక్కో పువ్వును చేత్తో దాటించి సంకరం చేయడం ఖర్చుతో కూడిన పని, అందుకే బీన్స్‌లో హైబ్రిడ్ విత్తనం అంగడికి రావడం బహు అరుదు. కాబట్టి ఇది హైబ్రిడ్డా అన్న ప్రశ్న ఇక్కడ పెద్దగా పనికిరాదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి: రకం పేరేమిటి, గింజ ఏ ఏడాదిది, పక్కన ఇంకే రకాలు వేశారు, తీగ ఆకుల మీద ముడత, మొజాయిక్ (ముదురు, లేత పచ్చ మచ్చలు కలగలిసే వైరస్ తెగులు) కనబడ్డాయా. గులాబీ, నీలం రంగు పూత ఉన్న గింజలు మందు పట్టించినవి. వాటిని వండకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు.

పగుళ్లు పడినవి, చిల్లి ఉన్నవి, కుంగిన మచ్చలున్నవి ఏరి పారేయండి. మచ్చ చిన్నదే కదా అని ఉంచకండి. కాయమచ్చ తెగులు తోటలోకి వచ్చే ముఖ్యమైన దారి అదే.

మిగిలినవాటిలో 20 గింజలు తీసి తడి గుడ్డలో చుట్టి, గాలి ఆడే కవరులో పెట్టి, 25 డిగ్రీల దగ్గర 8 రోజులు ఉంచండి. 16 మొలిస్తే మామూలుగా విత్తండి. 10 మొలిస్తే రెట్టింపు విత్తండి. అంతకంటే తక్కువైతే ఆ మొలకల్నే జాగ్రత్తగా కుండీల్లోకి మార్చి పెంచండి, ఆ ఏడు పంట మొత్తం విత్తనానికే ఉంచండి.

రాత్రంతా నానబెట్టి విత్తమని చాలాచోట్ల చెబుతారు. బీన్స్ విషయంలో ఇది మంచికంటే చెడే ఎక్కువ చేస్తుంది. బాగా ఎండిన గింజ ఒక్కసారిగా నీటిని పీల్చుకుంటే లోపలి బద్దలు పగులుతాయి, కణాల్లోని పంచదారలు బయటికి కారతాయి, వాటికోసం నేలలోని బూజులు వచ్చి చేరతాయి. విత్తే ముందురోజు మడికి నిండుగా నీళ్లు పెట్టి, ఆ పదునులో విత్తడమే మేలు. పందిరి చిక్కుడు గింజ తోలు గట్టిది, దాన్ని మాత్రం నాలుగైదు గంటలు నానబెట్టొచ్చు.

నేల, ఎరువు

నీరు నిలవని నేల, రోజుకు కనీసం ఆరేడు గంటల ఎండ, ఉదజని సూచిక 6 నుంచి 7 మధ్య. మట్టిని 25 నుంచి 30 సెంటీమీటర్ల లోతు గుల్ల చేసి, చదరపు మీటరుకు 2 కిలోల బాగా చివికిన కంపోస్టు కలిపితే చాలు. కిందటి పంటకు బాగా ఎరువు వేసిన మడి అయితే అదీ అక్కర్లేదు. పచ్చి పేడ, యూరియా వేయొద్దు. నత్రజని ఎక్కువైతే తీగ ఆకుపచ్చగా, ఏపుగా పెరిగి పూత వాయిదా వేస్తుంది, ఆ మెత్తని ఆకు మీదికే పేనుబంక మొదట వస్తుంది.

బీన్స్ వేళ్ల మీద బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. అయితే ఈ పనిలో తీగ బీన్స్ బొబ్బరంత సమర్థురాలు కాదు, పైగా దానికి దాని సొంత రైజోబియం కావాలి. బొబ్బరకు, పందిరి చిక్కుడుకు పనికొచ్చే జీవన ఎరువు బీన్స్‌కు పనికిరాదు. ప్యాకెట్ మీద పంట పేరు చూసి కొనండి. కొద్దిగా పంచదార కలిపిన నీటితో గింజల్ని తడిచీ తడవనట్టు చేసి, పొడి పట్టించి, నీడలో అరగంట ఆరనిచ్చి అదే రోజు విత్తాలి. మొలిచిన నాలుగు వారాలకు ఒక మొక్క తవ్వి చూడండి. బుడిపెను గోటితో నలిపితే లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే లేనట్టు. అప్పుడు ఆకులు కూడా పాలిపోతుంటే మొక్కకు రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు మొదలుకు దూరంగా వేయండి.

అలా తవ్వినప్పుడే ఇంకోటి కూడా చూడొచ్చు. రైజోబియం బుడిపె వేరుకు పక్కన అతికించినట్టు ఉంటుంది, వేలితో రాస్తే ఊడి వస్తుంది. నులిపురుగుల బుడిపె వేరే ఉబ్బి తయారైనది, ఊడదు. రెండోది కనబడితే ఆ మడిలో మూడేళ్లపాటు ఏ చిక్కుడు జాతీ వేయకండి. వంగ, టమాటా, బెండ కూడా ఆ పురుగుకు ఇష్టమైనవే.

కుండీ అయితే కనీసం 25 లీటర్లు, 30 సెంటీమీటర్ల లోతు. అందులో మూడు మొక్కలు. మట్టి రెండు పాళ్లు, కంపోస్టు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. చిన్న కుండీలో తీగ బతుకుతుంది కానీ పూత దశలో మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది, వాడిన ప్రతిసారీ కొంత పూత రాలుతుంది.

ఆసరా: విత్తకముందే కట్టాలి

తీగ మొలిచాక గుంజ పాతితే వేళ్లు తెగుతాయి. ఆసరా ముందు, గింజ తర్వాత.

బీన్స్ తీగకు కాకర, దోసలకు ఉన్నట్టు పట్టుతీగలు ఉండవు. కాండమే కర్ర చుట్టూ మెలి తిరుగుతూ ఎక్కుతుంది. దీన్నుంచి మూడు సంగతులు తేలతాయి. ఒకటి, కర్ర మరీ లావుగా ఉండకూడదు: 2 నుంచి 4 సెంటీమీటర్ల మందం సరైనది. లావు పైపు చుట్టూ తిరగలేక తీగ జారిపోతుంది. రెండు, గరుకుగా ఉండాలి. నున్నటి ప్లాస్టిక్ గొట్టాలే ఉంటే వాటి చుట్టూ పురికొస చుట్టండి. మూడు, నిలువు దారి కావాలి. అడ్డంగా మాత్రమే తీగలు లాగిన కంచె మీదికి బీన్స్ తనంతట తాను ఎక్కదు; పైనుంచి కిందికి తాళ్లు వేలాడదీయాలి.

నేల పైన 2 నుంచి 2.2 మీటర్ల ఎత్తు చాలు. అంతకంటే ఎత్తయితే కాయలు చేతికి అందవు, అందని కాయ ముదురుతుంది, ముదిరిన కాయ కొత్త పూతను ఆపుతుంది. కర్ర పొడవు 2.6 మీటర్లు తీసుకుని 50 సెంటీమీటర్లు నేలలోకి దింపండి. నాలుగు కర్రలను మీటరు చదరంలో పాతి పైన కలిపి కడితే గాలికి గట్టిగా నిలుస్తుంది. వరుసగా వేసేవారు రెండు వరుసల కర్రల్ని పైన కలిపి, ఆ కూడలి మీద ఒక అడ్డకర్ర కట్టాలి. ఆసరాలు కూలేది కాయల బరువుకంటే ఎక్కువగా గాలికి. నిండా ఆకుతో ఉన్న పందిరి తడిసి ఉన్నప్పుడు తెరచాపలాగే పనిచేస్తుంది. గాలి వీచే దిక్కుకు వరుస అడ్డంగా కాక వెంబడిగా ఉంటే సగం సమస్య తీరినట్టే.

ప్లాస్టిక్ వల వాడాలా, జనపనార పురికొస వాడాలా అంటే పురికొసే మేలు. సీజను అయ్యాక తీగతో సహా కోసి కంపోస్టులో వేసేయొచ్చు. వలకు చిక్కుకున్న ఎండు తీగలు ఏరడం ఎంత విసుగు పుట్టిస్తుందో ఒక్కసారి చేసినవారికి తెలుస్తుంది, ఏరకుండా వదిలేస్తే తుప్పు తెగులు అక్కడే కాచుక్కూర్చుంటుంది.

విత్తడం, తొలి మూడు వారాలు

లోతు 3 నుంచి 4 సెంటీమీటర్లు. ఇసుక నేలలో 5. గింజను పడుకోబెట్టి వేస్తే సరిపోతుంది. నాలుగు కర్రల ఆసరాకు కర్రకు ఐదు గింజలు వేసి, మొలిచాక బలమైన మూడింటిని ఉంచి మిగిలినవాటిని కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేళ్లు కదులుతాయి. వరుసలో అయితే మొక్కకు మొక్కకు 15 నుంచి 20 సెంటీమీటర్లు, జంట వరుసకూ మరో జంటకూ మధ్య 90. పందిరి చిక్కుడుకు ఈ ఎడం ఏమాత్రం చాలదు, పాదుకు పాదుకు మీటరున్నర తగ్గకూడదు.

విత్తాక మొలక కనబడేదాకా, అంటే 6 నుంచి 10 రోజులు, నీళ్లు నిండుగా పెట్టకండి. పైమట్టి ఎండితే చల్లడం చాలు. పైన అట్టకట్టిన మట్టిని మొలక తోసుకుని రాలేక మెడ విరుగుతుంది. రెండు బద్దలు మాత్రమే వచ్చి మధ్యలో మొగ్గ లేని బోడి మొలకలు కనబడితే కారణం ఇదైనా కావాలి, పగిలిన గింజ విత్తడమైనా కావాలి. అలాంటిది కోలుకున్నా పంట అంతంతమాత్రమే, తీసేసి వెంటనే మరో గింజ పెట్టండి. ఇందుకోసమే పదో వంతు గింజలు ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి. ఆ మాటకొస్తే దాచిన గింజలన్నీ ఒకే ఏడు విత్తడం ఎప్పుడూ తప్పే.

మొలక 10 సెంటీమీటర్లు ఎదిగాక మొదలు చుట్టూ కాస్త మట్టి ఎగదోయండి. కాండం ఈగ ఉన్న చోట ఈ చిన్న పని మొక్కను బతికిస్తుంది. దాని పిల్ల పురుగు కాండం లోపల తొలుచుకుంటూ మొదలుకు దిగుతుంది. అక్కడ ఉబ్బి, పగిలి, మొక్క పసుపెక్కి పడిపోతుంది. ఎగదోసిన మట్టిలోకి కాండం నుంచి కొత్త వేళ్లు పుడితే మొక్క వాటి మీద నిలబడుతుంది. పడిపోయిన మొక్కను చీల్చి చూస్తే లోపల గోధుమరంగు కోశాలు కనబడతాయి. అలాంటివి తోటలో వదలకుండా తీసి నాశనం చేయండి.

తీగ సాగేటప్పుడు దారి తప్పితే చేత్తో కర్రకు చుట్టొచ్చు. పైనుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే దిశకు ఎదురుగా చుట్టాలి. మరో దిశలో చుడితే మర్నాటికి విప్పుకుని వేలాడుతుంది. కర్ర కొసకు చేరాక తలను గిల్లేస్తే కింద పక్క కొమ్మలు వస్తాయి.

నీళ్లు, పూత, కోత

వారానికి 2.5 సెంటీమీటర్ల వానకు సమానమైన నీరు, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు, రెండు దఫాలుగా. పూత నుంచి పిందె దాకా ఇందులో లోటు రాకూడదు. ఆకుల మీద కాకుండా మొదట్లో పోయాలి, ఉదయం పూటే పోయాలి. ఎండుగడ్డో ఎండుటాకో 5 సెంటీమీటర్ల మందాన పరచండి, కాండానికి మాత్రం నాలుగు వేళ్ల దూరం వదలండి.

పూత రాలుతుంటే మందు డబ్బా తీయకముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: వేడి ఎక్కువైందా, మధ్యలో నేల ఎండిందా, నీరు నిలిచిందా, నత్రజని ఎక్కువైందా. నాలుగూ కాకపోతే పువ్వును తెల్ల కాగితం మీద దులపండి. సన్నటి గీతల్లాంటి పురుగులు పాకితే తామర పురుగులు. వేడి వల్ల రాలితే చేయగలిగింది తక్కువ. మధ్యాహ్నపు ఎండకు నీడవల కట్టి, తీగను ఆరోగ్యంగా నిలిపితే చల్లబడ్డాక మళ్లీ పూస్తుంది.

కాయలో గింజ ఉబ్బు పైకి కనబడకముందే, విరిస్తే టక్కున విరిగేటప్పుడే కోయాలి. పాత రకాల్లో చాలావాటికి కాయ అంచున నార ఉంటుంది. నార లేని బీన్స్‌ను 1894లో అమెరికాలో కాల్విన్ కీనీ తయారుచేశారు. అంతకుముందు రకాల నుంచి వచ్చినవాటిలో నార ఉండటం సహజం. అది లోపమేమీ కాదు, రెండు రోజులు ముందు కోయడమే మందు. రెండు మూడు రోజులకోసారి తీగంతా వెతికి కోయండి, ముచ్చికను ఒక చేత్తో పట్టుకుని మరీ. ఒక్క కాయ మరిచిపోయి ముదిరినా తీగ పని అయిపోయిందనుకుని పూతను తగ్గిస్తుంది. ఊదా కాయల రకాలు ఇక్కడ కలిసొస్తాయి, ఆకుల మధ్య కంటికి ఇట్టే కనబడతాయి. ఉడికితే ఆ ఊదా పోయి పచ్చగా మారతాయి, కంగారు పడక్కర్లేదు.

ముదురు గింజల్ని వండేవారికి ఒక హెచ్చరిక. బీన్స్ గింజల్లో ఉండే లెక్టిన్ వాంతులు, విరేచనాలు తెస్తుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీటిలో అరగంట బాగా మరిగించాలి. సన్నటి సెగ మీద మరగకుండా ఉడికే పాత్రల్లో ఆ విషం పోదు.

తెగుళ్లు, పురుగులు

అన్నిటికంటే ముందు మొజాయిక్. ఆకు మీద ముదురు, లేత పచ్చ మచ్చలు కలగలిసి, అంచులు కిందికి ముడుచుకుంటే బీన్ కామన్ మొజాయిక్ వైరస్ అని అనుమానించాలి. ఇది గింజతో వస్తుంది, పేనుబంకతో పాకుతుంది. కొత్త రకాల్లో దీనికి తట్టుకునే గుణం పెట్టారు, పాతవాటిలో చాలావాటికి అది లేదు. మందు లేదు. కనబడ్డ రోజే మొక్కను పీకేయాలి. ఎంత బాగా కాస్తున్నా సరే, దాని గింజ మాత్రం దాచకూడదు. ఆకంతా నిమ్మపసుపు మచ్చలతో మెరిస్తే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది, దానికీ పీకడమే. పసుపు రంగు జిగురు అట్టలు తెల్లదోమ వచ్చిందని ముందే చెబుతాయి.

పేనుబంక కనబడితే చీమల్ని కూడా చూడండి, అవి దాన్ని కాపలా కాస్తాయి. నీటి ధారతో కడిగి, ఆగకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలవడానికి కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిపేట్టు కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

పూలగుత్తి దారంతో కుట్టినట్టు అతుక్కుని ఉంటే లోపల మారుకా కాయతొలుచు పురుగు ఉంది. గుత్తిని తుంచి నలిపేయడమే ఇంటి తోటకు చాలు. ఎక్కువైతే బీటీ పొడి (గొంగళిపురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు), డబ్బా మీది మోతాదులో, సాయంత్రం. పురుగు కాయలోకి దూరాక ఏదీ పనిచేయదు.

వేడి, పొడి రోజుల్లో ఆకు మీద సూదితో గుచ్చినట్టు తెల్ల చుక్కలు, అడుగున సన్నటి గూడు ఉంటే ఎర్రనల్లి. ఆకు అడుగులు రోజూ నీటితో కడిగితే తగ్గుతుంది. తుప్పు తెగులు ఇటుక రంగు పొడిగా అంటుకుంటుంది. కాయమచ్చ గుండ్రటి కుంగిన నల్ల మచ్చలుగా కాయ మీద తేలుతుంది. రెండూ తడి వల్లే పెరుగుతాయి, కాయమచ్చ అయితే తడి ఆకుల్ని తాకిన మన చేతులతోనూ పాకుతుంది. వాన తడి ఆరేదాకా తీగ ముట్టకండి.

విత్తనానికి వదిలే మొక్కలు

మొలిచిన నెలకే, పది మొక్కలకు తగ్గకుండా, వీలైతే ఇరవై, విత్తనానికి వేరు చేయండి. ఆ కర్రలకు రంగు గుడ్డ కట్టండి. వాటి నుంచి ఒక్క లేత కాయ కూడా కోయొద్దు. మధ్యలో కోస్తే మంచి ముందు కాయలు వంటింటికి పోయి, చివరి కాయలు విత్తనానికి మిగులుతాయి. తోట చిన్నదై అన్ని మొక్కలు వదలలేకపోతే ఐదుతోనైనా విత్తనం వస్తుంది. ఒక తీగ మీద 20 కాయలు ఎండినా, కాయకు 5 గింజల లెక్కన 100 గింజలు. ఏడాదికి అన్ని అక్కర్లేదు కూడా. అయితే అన్నీ ఒకే మొక్క నుంచి తీయకుండా ప్రతి మొక్క నుంచి సమానంగా తీస్తే ఆ రకంలో ఉన్న వైవిధ్యం నిలుస్తుంది.

బెరకు మొక్కల్ని, అంటే రకం లక్షణాలు లేనివాటిని, మూడుసార్లు ఏరాలి: మొలకలో కాండం రంగు చూసి, పూతలో పువ్వు రంగు చూసి, కాయలో ఆకారం చూసి. తెల్ల గింజ రకంలో ఊదా పువ్వు కనబడితే మరో ఆలోచన లేకుండా తీసేయండి. తెల్ల గింజ బీన్స్‌కు పువ్వు కూడా తెల్లగానే ఉండాలి.

పువ్వు విచ్చుకోకముందే లోపల పుప్పొడి రాలిపోతుంది కనుక బీన్స్ రకాలు ఒకదానితో ఒకటి కలవడం తక్కువ. రెండు రకాల మధ్య 3 నుంచి 6 మీటర్ల దూరం, వీలైతే మధ్యలో ఎత్తయిన మరో పంట ఉంటే ఇంటి తోటకు సరిపోతుంది. తుమ్మెదలు ఎక్కువగా తిరిగే చోట దూరం ఇంకా పెంచండి. పందిరి చిక్కుడు పువ్వును తుమ్మెదలు బాగా కలుపుతాయి, రన్నర్ బీన్ అయితే అర కిలోమీటరు పరిధిలో ఒకే రకం ఉండాలి. నిజానికి ఇంటి తోటల్లో రకాలు కలగలిసేది పుప్పొడి వల్లకంటే పక్కపక్క కర్రల మీద తీగలు పెనవేసుకోవడం వల్ల, ఒలిచేటప్పుడు ఒకే చేట వాడటం వల్ల. దీనికి సులువైన ఉపాయం ఉంది. గింజ రంగులు పోలిక లేని రకాల్నే పక్కపక్కన వేయండి. నల్ల గింజల్లో తెల్లది పడితే చూపుకే దొరుకుతుంది.

ఇక్కడ తరచూ పొరబడే సంగతి ఒకటుంది. గింజ తోలు తల్లి మొక్క భాగం. కాబట్టి ఈ ఏడు పుప్పొడి కలిసినా ఈ ఏటి గింజ రంగు మారదు. ఆ గింజను వచ్చే ఏడు విత్తితే, ఆ మొక్క కాసే గింజలన్నీ వేరే రంగులోనో వేరే మచ్చలతోనో వస్తాయి. ఒక మొక్క గింజలన్నీ తేడాగా ఉంటే సంకరం. ఎక్కడో ఒక గింజ మాత్రమే తేడాగా ఉంటే అది బయటి నుంచి పడింది. అందుకే మొక్కకో కవరు పెట్టి విడివిడిగా ఒలవడం శ్రమైనా లాభమే.

ఎండబెట్టడం, దాచడం

కాయ కూరకు పనికొచ్చే దశ దాటిన ఐదారు వారాలకు పసుపెక్కి, తర్వాత కాగితంలా ఎండి, ఊపితే గలగలమంటుంది. తీగ మీదే అక్కడిదాకా ఉంచడం మేలు. వాన ముంచుకొస్తుంటే పసుపెక్కిన కాయలున్న తీగను మొదలుతో పీకి, కప్పు కింద గాలి తగిలేలా తలకిందులుగా వేలాడదీయండి. గింజ తీగలోనే ముదురుతుంది. ఇంకా పచ్చగా ఉన్న కాయకు ఈ చిట్కా పనిచేయదు.

ఒలిచిన గింజల్ని నీడలో, ఒక్క పొరగా పరిచి రెండు వారాలు ఆరనివ్వండి. 35 డిగ్రీలు దాటే రేకు మీద, నేరు ఎండలో ఆరబెడితే తోలు చిట్లుతుంది. ఆరిందో లేదో పంటితో చూస్తే సరిగా తెలీదు. రాయి మీద పెట్టి సుత్తితో కొట్టండి. పొడిపొడిగా పగిలితే ఆరినట్టు, అప్పడంలా అణిగితే ఇంకో వారం. తేమగా ఉన్న కాలంలో గింజలతో సమాన బరువు సిలికా జెల్‌ను (తేమ పీల్చే గుళికలు) మూత బిగించిన సీసాలో ఒక వారం కలిపి ఉంచి, తర్వాత జెల్ తీసేయాలి. తీయకుండా వదిలితే గింజ మరీ ఎండి, నీరు తగలగానే పగిలే రకం అవుతుంది.

పుచ్చు పురుగు తోటలోనే, ఎండుతున్న కాయ మీదే గుడ్లు పెడుతుంది. చిల్లి లేదని నమ్మొద్దు, లోపల పిల్ల పురుగు ఉండొచ్చు. బాగా ఆరిన గింజల్ని గాలి చొరని సీసాలో పోసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో ఒక వారం పెడితే గుడ్డూ పురుగూ చస్తాయి. తేమ ఉన్న గింజను మాత్రం ఫ్రీజరులో పెట్టకూడదు, లోపల మంచు కట్టి మొలక చస్తుంది. బయటికి తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా, ఒక రాత్రంతా, మూత తీయకండి. తీస్తే చల్లటి గింజల మీద గాలిలోని తేమ చేరుతుంది. ఫ్రీజరు లేనివారు వచ్చే ఏడే విత్తబోయే గింజలకు, కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె సమంగా పట్టించినా పురుగు పెరగదు.

సీసా మీద రకం పేరు, పండిన ఏడాది, ఎన్ని మొక్కల నుంచి తీశారో రాయండి. లోపల కూడా ఒక చీటీ వేయండి, బయటి సిరా చెరిగిపోతుంది. చల్లటి, చీకటి చోట గింజ మూడు నాలుగేళ్లు బాగా మొలుస్తుంది, కొంత తగ్గినా ఆ తర్వాతా మొలుస్తుంది. ప్రతి ఏడూ సగానికి మించి విత్తకండి. ఉన్న గింజల్ని రెండు సీసాలుగా చేసి ఒకటి మరో ఇంట్లో పెంచేవారికి ఇస్తే ఒక చోట పంట పోయినా రకం పోదు. మూడో ఏడు దాటిన సీసాకు తడి గుడ్డ పరీక్ష చేసి, 20లో 14 కంటే తక్కువ మొలిస్తే ఆ సీజనులో కూరకు వేరే రకం వేసుకుని, దీన్ని విత్తనానికే పెంచండి.